మాఫీ కోరిన పాఠం

ఊరికే ఇస్తామన్న వస్తువును నేను ఎప్పుడూ వెంటనే అందుకోలేదు. ముందు తిరగేసి చూస్తాను. ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే ఆ రెండోదాని మీద ఎక్స్‌పైరీ తారీఖు వెతుకుతాను. మా ఆయన ఈ గుణాన్ని జబ్బు అంటాడు, నేను జాగ్రత్త అంటాను. పెళ్లయిన కొత్తలో ఈ విషయంలో వాదించుకునేవాళ్లం. ఇప్పుడు ఎవరి మాట వాళ్లు వాడుకుంటున్నాం.

నలభై దాటాక నేను మళ్లీ విద్యార్థిని అయ్యాను. నార్త్ కరొలైనాలో మేముండే మోరిస్‌విల్‌కు దగ్గర్లోని ఒక యూనివర్సిటీలో బయోస్టాటిస్టిక్స్ మాస్టర్స్‌లో చేరాను. మొదటి రోజున ప్రోగ్రామ్ డైరెక్టర్ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, నవ్వుతూ ఒక మాట చెప్పాడు. "తప్పనిసరి కోర్సుల్లో ఏదైనా మీరు ఇంతకుముందే చదివి ఉంటే, దాని నుంచి మినహాయించమని అడగవచ్చు." నాకా మాట నచ్చలేదు. తప్పనిసరి అన్నాక మినహాయింపు ఏమిటి? మినహాయింపు ఉన్నాక అది తప్పనిసరి ఎలా అవుతుంది? చుట్టూ ఉన్న పిల్లలు తలలూపుతూ లాప్‌టాప్‌లలో టకటకా రాసుకున్నారు. నేను ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి, ఆ మినహాయింపును ఇక్కడ వేవర్ అంటారని మా ఆయనకు చెప్పాను. ఆయనది గోదావరి వైపు, వేళాకోళం లేనిదే మాట రాదు.

"వేవరా? అంటే రుణమాఫీ లాంటిదన్నమాట. మరి అర్హుల లిస్టులో నీ పేరుంటుందంటావా?" అన్నాడు.

ఆయన నవ్వి వదిలేశాడు కానీ నాకు ఆ మాట పట్టుకుంది. మాఫీ అని టీవీలో చెప్పాక బ్యాంకుకు వెళ్తే, పాస్‌బుక్కులో ఇంటిపేరు ముందుకొచ్చిందనీ, ఆధార్‌లో అక్షరం తేడా ఉందనీ తిప్పి పంపడం మా జిల్లాలో ఎవరికి తెలియదు? మాఫీ ఎప్పుడూ పక్కింటివాళ్లకే అవుతుంది. అందుకని ఆ యూనివర్సిటీ నిబంధనలను గింజ గింజా ఏరినట్టు చదివాను. దొరకనే దొరికింది. కోర్సు మాఫీ అవుతుంది కానీ క్రెడిట్లు మాఫీ కావు. ఆ కోర్సు చదవనక్కర్లేదు గానీ దాని బదులు ఇంకోటి చదవాలి.

"చూశారా, అన్నం వద్దంటే చపాతీ పెడతారట. విస్తరి ముందు నుంచి మాత్రం లేవనివ్వరు" అన్నాను మా ఆయనతో. కిటుకు బయటపడ్డందుకు నాకు తృప్తిగా కూడా అనిపించింది.

అయినా నాకు ఆ మినహాయింపు కావాలి. చాలా కావాలి. మొదటి సెమిస్టర్‌లో తప్పనిసరిగా చదవాల్సింది ప్రాబబిలిటీ. నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివాను. చదివిన కాలేజీలోనే ఎనిమిదేళ్లు అదే ప్రాబబిలిటీ పాఠం చెప్పాను. ఆ తర్వాత ఆయన ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చి, డిపెండెంట్ వీసా మీద ఏళ్ల తరబడి ఇంట్లో ఉన్నాను. ఇప్పుడు మళ్లీ చదువుకు దిగింది ఒకే ఒక్క కోర్సు మీద ఆశతో, అది క్లినికల్ ట్రయల్స్. మందు పనిచేసింది అని కంపెనీ చెప్తే నమ్మకుండా, ఎందుకు నమ్మాలి, ఎలా నమ్మాలి అని అడగడమే ఆ చదువు. నన్ను చూసి పెట్టారా అనిపించేంత సరిగ్గా నాకు సరిపోతుంది. అది ఏడాది విడిచి ఏడాది మాత్రమే చెప్తారు. ఈ సెమిస్టర్‌లో ఉంది. ప్రాబబిలిటీ అయిపోయినవాళ్లనే అందులోకి రానిస్తారు. మినహాయింపు వస్తే చేరతాను, రాకపోతే ఆ కోర్సు మళ్లీ వచ్చేలోపు నా మాస్టర్సే అయిపోతుంది.

అది పైకి చెప్పుకునే కారణం. లోపల ఇంకోటి ఉంది. ఇక్కడికి వచ్చాక నా చదువు గురించి ఎవరూ అడగలేదు. పార్టీల్లో ఆడవాళ్లు పిల్లల స్విమ్మింగ్ క్లాసుల గురించి అడిగారు, మగవాళ్లు మా ఆయన గ్రీన్‌కార్డు గురించి అడిగారు. అడగని సంగతి కొన్నాళ్లకు లేనట్టే అవుతుంది. నేను నిజంగా ఆ నల్లబల్ల ముందు నిలబడ్డానా, నిజంగా నాకు అదంతా వచ్చా అని ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది. అందరినీ అనుమానించేదాన్ని నన్ను నేనెందుకు వదులుతాను? అవును, ఈమె చదివింది, దీన్ని మళ్లీ చదవక్కర్లేదు అని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. నాకు కావలసింది ఆ సంతకం.

మా బ్యాచ్‌లో నేను కాక ఇంకొక తెలుగమ్మాయి ఉంది. ఇరవై మూడో ఇరవై నాలుగో. మా జిల్లా పక్క జిల్లా, మా యూనివర్సిటీ కిందే ఇంకో ఊరి కాలేజీలో ఎమ్మెస్సీ చేసి నేరుగా వచ్చింది. మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోనే ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఉంటుంది. తనకు కారు లేదు కాబట్టి నా కారులో వచ్చేది. మొదటి రోజే ఆంటీ అంది.

"క్లాస్‌మేట్‌వి కదా, అక్కా అను" అన్నాను.

"సరే ఆంటీ" అంది.

ఇంక నేను ఆ ప్రయత్నం మానేశాను.

పిల్ల చలాకీది. కానీ ప్రశ్నలు ఎక్కువ. ప్రశ్నలు ఎక్కువ అడిగేవాళ్లంటే నాకు మొదటినుంచీ కొంచెం భయం.

"ఆంటీ, మీరు ప్రాబబిలిటీకి వేవర్ పెడ్తున్నరా?" అని అడిగింది ఒక పొద్దున, హైవే ఎక్కగానే.

"ఏమో, ఇంకా ఏం అనుకోలే" అన్నాను. అప్పటికే మా కాలేజీలో ఇప్పటికీ పనిచేస్తున్న పాత స్నేహితురాలికి ఫోన్ చేసి, పాత సిలబస్ కాపీ, దాని మీద ప్రిన్సిపల్ ముద్ర, అన్నీ మాట్లాడేశాను.

"నేనైతే పెడ్తున్న. మీరు పెడ్తే సిలబస్ ఎట్ల తెప్పించుకుంటరు? స్టాంపు కావాల్నా? వెబ్‌సైట్ల ఉన్నది పెడ్తే ఒప్పుకుంటరా?"

"తెల్వదు" అన్నాను, రోడ్డు మీదే చూపు పెట్టి. మంచి సంబంధం కుదిరే దాకా నలుగురికీ చెప్పకూడదంటారే, అలాంటిదే ఇదీ. పైగా ఇద్దరం ఒకే కోర్సుకు అడిగితే ఒకరికిచ్చి ఒకరిని ఆపుతారేమోనని ఒక లెక్క. అలాంటి నిబంధన ఎక్కడా లేదు. లేనంత మాత్రాన ఉండదని నమ్మకమేమిటి?

నా సిలబస్ వచ్చింది. లైబ్రరీలో ప్రింట్ తీసుకుని, సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపాలి. ప్రింటర్ దగ్గర నిలబడితే ఆ అమ్మాయి కూడా వచ్చి అక్కడే తచ్చాడింది. నన్ను చూసి కొంచెం తడబడింది. నేను నా కాగితాలు గబగబా తీసుకుని, అచ్చు లోపలికి వచ్చేలా మడిచి, బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను. ఆ తడబాటును మాత్రం మనసులో పెట్టుకున్నాను.

కొన్నాళ్లకు డైరెక్టర్ దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. చిన్న ప్రశ్న ఉంది, కంగారేమీ లేదు, వీలు చూసుకుని ఒకసారి వస్తారా అని. ఈ దేశంలో ఎవరైనా కంగారేమీ లేదు అన్నారంటే కంగారుపడాలని నేను ఎప్పుడో నేర్చుకున్నాను. మా అబ్బాయి స్కూలు వాళ్లు కూడా వాడు మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్న రోజున అలాగే మొదలుపెట్టారు.

వెళ్లేసరికి ఆయన గదిలో ఆ అమ్మాయి అప్పటికే కూర్చుని ఉంది. ఆయన బక్కపలచటి మనిషి, సైకిల్ మీద వస్తాడు, హెల్మెట్ బల్ల మీదే ఉంటుంది. ఆ హెల్మెట్ పక్కకు జరిపి రెండు కాగితాలను పక్కపక్కన పెట్టాడు. ఒకటి నా సిలబస్, రెండోది ఆ అమ్మాయిది.

"రెండు కాలేజీలు, రెండు ఊళ్లు. మీరు చదివిన కాలాల మధ్య పదిహేనేళ్లకు పైగా తేడా. కానీ ఈ రెండిట్లో ఒక్క వాక్యం కూడా తేడా లేదు" అన్నాడు ఎంతో మర్యాదగా.

తర్వాత పెన్సిలు ముక్కుతో నా కాగితంలో ఒక మాట దగ్గర చుక్క పెట్టాడు. ఆ అమ్మాయి కాగితంలోనూ అదే చోట చుక్క పెట్టాడు. "ఈ తప్పు కూడా ఒకటే" అన్నాడు.

మూడో యూనిట్‌లో పాయిజన్ డిస్ట్రిబ్యూషన్ అని ఉంది. అరుదుగా, ఎప్పుడు పడితే అప్పుడు జరిగే సంఘటనలను లెక్కగట్టే సూత్రమది. ఒక ఫ్రెంచి పండితుడి పేరు మీద ఉంది. ఆయన పేరులో రెండు 'ఎస్'లు ఉండాలి. మా యూనివర్సిటీ టైపిస్టు చేతిలో ఎప్పుడో ఒక 'ఎస్' రాలిపోయి, ఇంగ్లీషులో అది విషమై కూర్చుంది. మా దగ్గర అందరూ దాన్ని పాయిజన్ అనే పలుకుతారు కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు.

"మీలో ఒకరు ఇంకొకరి దాన్ని కాపీ చేశారని నేను అనడం లేదు" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఇద్దరం ఒకేసారి నోరు తెరిచాం. ఆ అమ్మాయి వైపు చూశాను. అదీ నా వైపే చూస్తోంది, కళ్లు చిన్నవి చేసి.

మా దగ్గర సిలబస్ పాఠం చెప్పేవాళ్లు రాసుకునేది కాదని నేను చెప్పాను. యూనివర్సిటీ ఒక్కటి రాస్తుంది, దాని కింద ఉన్న కాలేజీలన్నీ పైన తమ పేరు వేసుకుని అదే ముద్రించుకుంటాయి. పరీక్ష పేపరు కూడా యూనివర్సిటీదే. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"అంటే మీరు ఎనిమిదేళ్లు పాఠం చెప్పి కూడా, ఏం చెప్పాలో మీరు ఎంచుకోలేదా?"

"లేదు."

"ఇన్నేళ్లలో సిలబస్ మారలేదా?"

"లేదు."

"సరే. కనీసం ఈ స్పెల్లింగ్ ఎవరూ దిద్దలేదా?"

ఏం చెప్పను? దిద్దాలంటే సిలబస్ బోర్డు కూర్చోవాలి, అజెండాలో పెట్టాలి, అంతకాలం తప్పు ఎందుకు ఉందని ఎవరైనా అడిగితే దిద్దమన్నవాడే జవాబు చెప్పాలి. ఇవన్నీ ఇంగ్లీషులో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నేను తడుముకుంటుంటే ఆ అమ్మాయి అందుకుంది. "సర్, మా దగ్గర ప్రింట్ అయిందంటే అదే కరెక్ట్" అంది. నాకు తల తీసేసినట్టయింది. తీసేసినట్టు అయినా, అంతకంటే నిజం నేనూ చెప్పలేను.

"మిమ్మల్ని నమ్మనని కాదు" అన్నాడాయన. నమ్మనని కాదు అన్నవాళ్లు నమ్మడం నేనెప్పుడూ చూడలేదు. శుక్రవారం ఇద్దరూ రమ్మన్నాడు. ప్రాబబిలిటీ కోర్సు చెప్పేది తనే కాబట్టి తనే నోటి పరీక్ష పెడతాడట. మేం నిజంగా చదివామని ఆయనకు నమ్మకం కుదిరితే మినహాయింపు ఇస్తాడు. కుదరకపోతే అదీ ఉండదు, పైగా ఆ రెండు కాగితాలనూ చదువులో మోసాలను విచారించే ఆఫీసుకు పంపక తప్పదు. ఆ ఆఫీసు నుంచి తిరిగొచ్చాక ఈ ప్రోగ్రామ్‌లో మా చోటు ఉంటుందో లేదో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

ఇద్దరం కారెక్కాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నేను తట్టుకోలేకపోయాను.

"నిజం చెప్పు. ఆ రోజు ప్రింటర్ దగ్గర నా కాగితాలు చూసినవా?"

"నేను గదే అడుగుదామనుకుంటున్న ఆంటీ" అంది. "ప్రింట్ ఇచ్చి, బాటిల్ల నీళ్లు పట్టుకొని వచ్చెవరకు మీరు ఆడ నిలబడ్డరు. నన్ను చూసి ఏదో మడత వెట్టి దాచుకున్నరు. గది నాదేనేమో అని అప్పటిసంది మనసుల పీకుతనే ఉన్నది."

"నేను నీది దొంగిలించిన్నా? నా వయసేంటి నీ వయసేంటి?"

"గందుకే అడగలే."

వెనక కారువాడు హారన్ కొట్టాడు. ఈ ఊళ్లో ఎవరూ హారన్ కొట్టరు, కొట్టారంటే సిగ్నల్ పచ్చబడి ఎంతసేపయిందో. కారు కదిలించాక నాకు ఒక సంగతి తట్టింది. సిలబస్ అందరికీ ఒకటే, కాపీ కొట్టే పనే లేదు అని ఇద్దరం ఆయనకు ఒట్టేసినంత పని చేసి వచ్చాం. బయటికి రాగానే ఆ మాటను మేమే నమ్మలేదు. ఇంక ఆయనెందుకు నమ్ముతాడు?

ఇంటికి వెళ్లి చెప్తే మా ఆయన, "అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా" అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆపేశాడు. వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాడు. నా జబ్బును వెక్కిరించని రోజున ఆయన నిజంగా భయపడ్డాడని అర్థం. ఆ టీ నాకు రుచించలేదు.

శుక్రవారం దాకా సూత్రాలన్నీ రాసి చూసుకున్నాను. చెయ్యి అలవాటు మరచిపోలేదు. కానీ ఆయన సూత్రాలు అడగడని నా అనుమానం. ఈ ఒక్క అనుమానం నిజమైంది.

ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ముందు ఆ అమ్మాయిని బోర్డు దగ్గరకు పిలిచాడు. ఆ చుక్క పెట్టిన మాటే అడిగాడు. "ఇదేమిటో నాకు చెప్పు. సూత్రం వద్దు. లెక్కలు రానివాళ్లకు చెప్పినట్టు చెప్పు."

"పాయిజన్ డిస్ట్రిబ్యూషన్, సర్" అని మొదలుపెట్టి మార్కర్ ఎత్తింది. ఆయన చెయ్యి అడ్డం ఊపాడు. పిల్ల మార్కర్ దించింది. గోడకేసి చూసింది, నేలకేసి చూసింది. అంత కోపంలోనూ నాకు జాలేసింది. ఇక అయిపోయింది అనుకుంటుండగా ఒక్కసారి దాని ముఖం విప్పారింది.

"సర్, హాస్టల్ అన్నం" అంది.

"ఏమిటి?"

తన ఇంగ్లీషులో గబగబా చెప్పుకుంటూ పోయింది. హాస్టల్లో అన్నంలో రాళ్లొస్తాయి. ప్రతి కంచంలో రావు. చాలామందికి ఒక్కటీ రాదు, కొందరికి ఒకటి వస్తుంది, ఎవరో పాపం చేసుకున్నవాళ్లకు రెండు మూడు. రోజూ ఇన్ని కంచాలకు ఇన్ని రాళ్లు అని సగటు తెలిస్తే చాలు, రేపు నా కంచంలో ఎన్ని రావచ్చో చెప్పవచ్చు.

"మొదటి ముద్దలో రాయి వచ్చిందనుకో. రెండో ముద్దలో వచ్చే అవకాశం తగ్గుతుందా, పెరుగుతుందా?" అని అడిగాడు.

"రెండూ కాదు సర్. రాళ్లు చుట్టాలు కావు."

"ఏమన్నావు?"

"ఒక రాయి ఇంకో రాయిని పిలవదు సర్, ఆపదు. రాళ్లకు చుట్టరికం లేదు."

ఆ మాట నాది.

పుస్తకంలో ఉన్న మాట కాదు. నేను పాఠం చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో, మధ్యాహ్నం భోజనాలయ్యాక క్లాసు. ఆ రోజు నేనూ హాస్టల్లోనే తిన్నాను, పంటికింద రాయి పడి దవడ లాగుతోంది. "ఒకటి వచ్చింది గద మేడమ్, ఇంక రాదు తియ్యుండ్రి" అంది ఎవరో అమ్మాయి. "రాయికి రాయికి చుట్టరికం ఉంటదా? ఒకటొస్తే రెండోది రాదని రూలుందా?" అన్నాను చిరాగ్గా. క్లాసు నవ్వింది, పాఠం అర్థమైపోయింది. అప్పటినుంచి ఏటా ఆ యూనిట్‌ను రాళ్లతోనే మొదలుపెట్టాను. దాన్ని ఎక్కడా రాసుకోలేదు. ఇక్కడికి వచ్చాక ఎవరితోనూ అనలేదు, మా ఆయనతో కూడా. సిలబస్‌నైతే ప్రింటర్ మీంచి ఎత్తుకెళ్లారనుకోవచ్చు. దీన్ని ఎక్కడినుంచి ఎత్తుకెళ్తారు?

"మీ వంతు. అదే ప్రశ్న" అన్నాడు డైరెక్టర్ నాతో.

లేచి నిలబడ్డాను. నా నోట్లో రాళ్లు తప్ప ఇంకేమీ లేవు. ఎనిమిదేళ్లు ఆ ఒక్క దారినే నడిచిన నాలుక ఇంకో దారికి తిరగనంటోంది. రాళ్లని అన్నానంటే ఆ అమ్మాయిది విని అప్పజెప్పాననుకుంటాడు. నా వస్తువు నేను వాడుకుంటే దొంగనయ్యే రోజు వచ్చింది. కోపం నెత్తికెక్కింది. ఎవరి మీదో తెలియని కోపం.

"ఆ రాళ్లు నావి" అన్నాను. "నేను కల్పించినవి. నా క్లాసులో."

ఆయన పెన్సిలు బల్ల మీద పెట్టాడు. ఆ అమ్మాయి నోరు తెరిచి నన్నే చూస్తోంది.

"నీకెక్కడిది ఇది?" అని దాన్ని అడిగాడు.

"మా మేడమ్ చెప్పింది సర్. ఎమ్మెస్సీ ఫస్టియర్‌లో."

ఆయన మళ్లీ నా వైపు తిరిగాడు. నమ్మనూ లేదు, కొట్టిపారేయనూ లేదు. "మీదే అయితే అది అక్కడితో ఆగదు కదా. తర్వాత ఏం చెప్పేవారు?" అన్నాడు.

తర్వాత ఏముందో నాకు తెలుసు. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. గొంతు దానంతటదే క్లాసు గొంతు అయింది. "చుట్టరికం లేదన్నది మనం అనుకున్న మాట. లెక్క దాని మీదే నిలబడింది. కానీ ఒక రోజు ఒకే బల్ల మీద నలుగురి కంచాల్లోనూ గుప్పెడేసి రాళ్లొచ్చాయనుకోండి. అప్పుడు దురదృష్టం అనుకుని తినకూడదు. ఈ రాళ్లకు చుట్టరికం ఉంది, అవి ఒక చోటి నుంచి వచ్చాయి అనుకోవాలి. అప్పుడు ఎవరిని అనుమానించాలంటే..."

"బస్తాను" అంది వెనక నుంచి ఆ అమ్మాయి, తెలుగులో, క్లాసులో జవాబు చెప్పినట్టు. "తినేటోళ్లను కాదు, వండినోళ్లను కాదు, బస్తాను అనుమానించాలె."

మాటకు మాట. నేను చెప్పే వరసలోనే.

ఆయనకు తెలుగు రాదు. ఏమందని అడిగితే ఇంగ్లీషులో చెప్పాను. ఆయన బల్ల మీది రెండు సిలబస్‌ల వైపు చూశాడు, పెన్సిలు చుక్కలు పెట్టిన ఆ రెండు మాటల వైపు.

"ఒకే బస్తా" అన్నాడు చివరికి. అని, ఇద్దరి కాగితాల మీదా సంతకం పెట్టాడు.

లేస్తుంటే, ఆ ఫ్రెంచి పండితుడి పేరు అలా పలకరని మెల్లగా చెప్పాడు. ఎలా పలకాలో పలికి చూపించాడు. ఫ్రెంచిలో దానికి చేప అని అర్థమట. ఇద్దరం పలకబోయాం. ముక్కులోంచి ఏదో వచ్చింది గానీ ఆ పేరు రాలేదు. ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ చేపను విషమని ఎంతమందికి నేర్పానో!

క్లినికల్ ట్రయల్స్‌లో చేరవచ్చు. నేను చదివానని సంతకం దొరికింది. ఇన్నాళ్లూ దాని కోసమే పడ్డాను కదా, కానీ పార్కింగ్ లాట్ దాకా నడిచేసరికి ఆ కాగితం నాకు గుర్తే లేదు. కారు తాళం తీసి, లోపల కూర్చుని, స్టార్ట్ చేయకుండా ఆ అమ్మాయిని అడిగాను.

"మీ మేడమ్ ఎవరు? ఎట్లుంటది?"

"బాగ స్ట్రిక్ట్ ఆంటీ. కండ్లద్దాలు వెట్టుకుంటది. మీ కాలేజీలనే చదివిందంట. ఆ రాళ్ల ముచ్చట చెప్పేముందు ప్రతిసారీ, 'మా మేడమ్ అనేది' అని మొదలుపెట్టేది. మా మేడమ్‌కి మేడమ్ ఎవరో అని మేం నవ్వుకునేటోళ్లం."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. నేను ఇక్కడ అపార్ట్‌మెంట్లో బట్టలు మడతపెట్టుకుంటూ నా చదువు ఉందా పోయిందా అని తడుముకుంటున్న ఆ ఏళ్లన్నీ, ఏటా ఒక కొత్త క్లాసులో ఎవరో నిలబడి "మా మేడమ్ అనేది" అంటూనే ఉన్నారు. నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

పిల్ల గాభరాపడి టిష్యూ తీసిచ్చింది. "ఎవరో గుర్తొచ్చిందా ఆంటీ?"

కళ్లు మూసుకుని వరసగా చూశాను. కిటికీ పక్కన కూర్చుని రోజూ నిద్రపోయేది ఒకతె. అడగకుండానే జవాబు చెప్పేది ఒకతె. బస్సు ఆలస్యమైందని ఏడాది పొడవునా ఒకే అబద్ధం చెప్పింది ఒకతె. వెనక బెంచీలో తల ఎత్తకుండా రాసుకునేది, ఏం రాసుకుంటోందో నాకెప్పుడూ చూపించనిది, ఇంకొకతె. వీళ్లలో పాఠం విన్నది ఎవరు, విన్నట్టు నటించింది ఎవరు అని అప్పట్లో నా దగ్గర గట్టి అభిప్రాయాలుండేవి.

"నా దగ్గర మేడమ్ నంబర్ ఉంది. వాట్సాప్ చేసి పేరు పెట్టి అడుగుదామా? రెండు నిమిషాల తెలుస్తది" అంది ఫోన్ తీస్తూ.

"వద్దు" అన్నాను. జీవితంలో మొదటిసారి, దొరికిపోయే మనిషిని పట్టుకోవద్దనిపించింది. ఒకరని తేలితే మిగతావాళ్ల మీద అనుమానం పోతుంది. ఇప్పుడైతే నాకు అందరి మీదా అనుమానమే.